ఇంటి కంప్యూటర్ భద్రత: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ఈమధ్య ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో సింహభాగం ఇంటి కంప్యూటర్లలోకి చొరబడిన వైరస్‌ల గురించీ, వాటి వెనకనున్న మోసగాళ్ల గురించీ ఉన్నాయి. ఒకే రకమైనవాటిని కలిపి, మిగిలినవాటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. హ్యాకరు అనగానే ఎక్కడో చీకటి గదిలో కూర్చుని మన సిస్టమ్‌ను ఛేదించే మేధావి చాలామందికి గుర్తొస్తాడు. ఈ ఉత్తరాల్లో అలాంటివాడు దాదాపు కనిపించడు. చాలా సందర్భాల్లో ఆ హానికరమైన ప్రోగ్రామును నడిపించినవి ఆ ఇంటివాళ్ల వేళ్లే. అవతలివాడు చేసిందల్లా వాళ్లను అందుకు ఒప్పించడం.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్న మా అబ్బాయి, ఫోటోలు ఎడిట్ చేసే ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతోందని ఎక్కడి నుంచో డౌన్‌లోడ్ చేశాడు. మర్నాటికల్లా మా పెద్దమ్మాయి పెళ్లి ఫోటోలు, నా భూమి పత్రాల స్కాన్లు ఏవీ తెరుచుకోవడం లేదు. ప్రతి ఫైలు పేరు చివర అర్థం లేని నాలుగు అక్షరాలు చేరాయి. ప్రతి ఫోల్డరులోనూ 980 డాలర్లు కట్టాలనీ, 72 గంటల్లోపు అయితే 490 డాలర్లు చాలుననీ ఇంగ్లిషులో ఒక చీటీ ఉంది. డబ్బు కట్టమంటారా, ఫార్మాట్ కొట్టించమంటారా?
– విశ్రాంత ఉద్యోగి, కరీంనగర్

సమాధానం: ఇప్పటికిప్పుడు రెండూ వద్దు. మీరు రాసిన లక్షణాలన్నీ, అంటే నాలుగక్షరాల తోక, 980, 490 డాలర్ల లెక్క, 72 గంటల గడువు, స్టాప్ లేదా డీజేవీయూ అని పిలిచే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే ప్రోగ్రాము) కుటుంబానికి సరిగ్గా సరిపోతున్నాయి. పెద్ద కంపెనీల జోలికి పోకుండా ఇళ్లలోని మామూలు కంప్యూటర్లనే వేటాడే రకం ఇది. ప్రధానంగా క్రాక్ చేసిన, అంటే లైసెన్సు అడ్డు తొలగించిన దొంగ సాఫ్ట్‌వేర్లతోనూ, వాటికి దొంగ లైసెన్సు నంబర్లు పుట్టించే కీజెన్‌లతోనూ వస్తుంది. మీ అబ్బాయిని కోప్పడకుండా అడిగి చూడండి. ఆ ఫైలు బహుశా పాస్‌వర్డ్ ఉన్న జిప్ రూపంలో వచ్చి ఉంటుంది. ఆ పాస్‌వర్డ్ పక్కనే రాసి ఉంటుంది. ‘ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపేయండి’ అన్న సూచన కూడా ఉంటుంది. జిప్ లోపల ఏముందో యాంటీవైరస్ చూడలేకుండా చేయడానికే ఆ పాస్‌వర్డ్. ఫైళ్లకు తాళం పడుతున్న కాసేపూ విండోస్ అప్‌డేట్ జరుగుతున్నట్టు ఒక దొంగ తెర చూపించడం దీనికి అలవాటు కాబట్టి, కుర్రవాడికి అనుమానం రాకపోవడంలో వింత లేదు.

ముందుగా ఆ కంప్యూటర్‌ను ఇంటర్నెట్ నుంచి తప్పించండి. దానికి పెన్‌డ్రైవ్‌లు, హార్డ్‌డిస్కులు తగిలించి ఉంటే తీసేయండి. ఇది వాటిలోని ఫైళ్లను కూడా వదలదు. తరువాత ఖాళీగా ఉన్న ఒక హార్డ్‌డిస్కును తెచ్చి, పాడైన ఫైళ్లనూ ఆ చీటీనీ యథాతథంగా అందులోకి ఎక్కించి పక్కన పెట్టండి. పనిలో పనిగా సీ డ్రైవులో ‘సిస్టమ్‌ఐడీ’ అనే ఫోల్డరు ఉంటే దాన్ని కూడా కాపీ చేసుకోండి. అందులోని గుర్తింపు సంఖ్య చివర చిన్న ‘టీ’ అక్షరం, 1 అంకె ఉంటే మీకు కొంత ఆశ ఉన్నట్టే. తాళం వేసే సమయంలో దొంగల సర్వరుతో సంబంధం దొరకనప్పుడు ఈ ప్రోగ్రాము తనలో ముందే దాచుకున్న ఒకే తాళంచెవిని అందరికీ వాడుతుంది. ఆ చెవి ఎప్పుడైనా బయటపడితే దానితో అందరి ఫైళ్లూ తెరవవచ్చు. అలా బయటపడిన చెవులతో ఎమ్సిసాఫ్ట్ అనే సంస్థ ఒక ఉచిత సాధనాన్ని తయారుచేసింది. నెదర్లాండ్స్ పోలీసులు, యూరప్ దేశాల ఉమ్మడి పోలీసు సంస్థ యూరోపోల్, మరి రెండు భద్రతా సంస్థలు కలిసి 2016 జులైలో మొదలుపెట్టిన ‘నో మోర్ రాన్సమ్’ వెబ్‌సైటులో అలాంటి సాధనాలన్నీ ఒకేచోట దొరుకుతాయి. సంఖ్య వేరే విధంగా ముగిసి ఉంటే మీ ఒక్కరి కోసమే పుట్టించిన చెవి వాడారన్నమాట. అప్పుడు ఆ సాధనం పనిచేయదు; పనిచేయిస్తామని ముందుగా డబ్బు అడిగే మధ్యవర్తులను నమ్మి రెండోసారి నష్టపోవద్దు.

అయితే ఈ కుటుంబానికి ఒక బలహీనత ఉంది. వేగంగా పని కానిచ్చుకోవాలన్న తొందరలో ఇది ప్రతి ఫైలులోనూ మొదటి 150 కిలోబైట్ల మేరకే తాళం వేస్తుంది. అందువల్ల చిన్న ఫోటోలు, పత్రాలు దాదాపు పూర్తిగా పోయినా, వందల మెగాబైట్ల పెళ్లి వీడియోల్లో అధిక భాగం చెక్కుచెదరకుండా ఉంటుంది. మొదటి ముక్కను మరమ్మతు చేసే సాధనాలతో ఎంపీ4, ఎంపీ3 ఫైళ్లు చాలావరకు మళ్లీ ఆడే అవకాశం ఉంది. ఫోటోల విషయంలో ఇతర చోట్లు వెతకండి: పెళ్లి ఫోటోలు తీసిన స్టూడియోవాళ్లను అడగండి, బంధువుల వాట్సాప్‌లలో చూడండి. వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ వాడుతూ ఉంటే వాటిలో ఫైళ్ల పాత వెర్షన్లు కొంతకాలం నిలవ ఉంటాయి కనుక వెబ్‌సైటులోకి వెళ్లి వెనక్కి తెచ్చుకోవచ్చు.

డబ్బు కట్టవద్దని చెప్పడానికి నీతి ఒక్కటే కారణం కాదు. కట్టినా చెవి ఇస్తారన్న హామీ లేదు. పైగా ఈ రాన్సమ్‌వేర్ చాలాసార్లు ఒంటరిగా రాదు. పాస్‌వర్డ్‌లు దొంగిలించే మరో ప్రోగ్రామును వెంటబెట్టుకుని వస్తుంది. ఉత్తరాలు రాసినవారెవరూ ఈ సంగతి గమనించినట్టు లేదు. ఫైళ్ల గొడవలో మునిగి ఉండగానే బ్రౌజరులో దాచిన ఈమెయిల్, బ్యాంకు, ఫేస్‌బుక్ పాస్‌వర్డ్‌లు వెళ్లిపోయి ఉండవచ్చు. వాటన్నిటినీ ఇవాళే, ఆ కంప్యూటర్‌లో కాక వేరే ఫోనులోనో ల్యాప్‌టాప్‌లోనో మార్చండి. ఇవన్నీ అయ్యాకే డిస్కు మొత్తం తుడిచి విండోస్ కొత్తగా వేయించండి. వేసేవారు క్రాక్ చేసిన విండోస్ వేయకుండా దగ్గర నిలబడి చూసుకోండి, ఎందుకంటే అయిదారు వందలకు ఫార్మాట్ చేసిచ్చే చోట్ల జరిగే మొదటి పని అదే.

ఇకముందు భూమి పత్రాల వంటివాటికి ఒక విడి హార్డ్‌డిస్కు కొనండి. నెలకోసారి తగిలించి, కాపీ చేసి, తప్పనిసరిగా ఊడదీసి బీరువాలో పెట్టండి. ఎప్పుడూ తగిలించే ఉంచిన డిస్కును బ్యాకప్ అనలేం. మీ అబ్బాయికి అడ్మినిస్ట్రేటర్ హక్కులు లేని మామూలు ఖాతా ఒకటి తెరిచి, అసలు ఖాతా పాస్‌వర్డ్ మీ దగ్గర ఉంచుకోండి. అప్పుడు ఏది ఇన్‌స్టాల్ కావాలన్నా చాలావరకు మిమ్మల్ని అడగాల్సి వస్తుంది. ఫోటోల ఎడిటింగుకు గింప్, ఫోటోపీ వంటివి ఉచితంగానే ఉన్నాయని కూడా అతనికి చెప్పండి.

ప్రశ్న: పిల్లలిద్దరూ అమెరికాలో ఉంటారు. వాళ్లతో మాట్లాడటానికే ల్యాప్‌టాప్ వాడతాను. మొన్న వంటల పేజీ ఏదో చూస్తుండగా తెరంతా నీలంగా మారి, సైరన్ మోగి, ‘మీ కంప్యూటర్ లాక్ అయింది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని వచ్చింది. చేశాను. మర్యాదగా మాట్లాడి ఎనీడెస్క్ అనేది వేయించారు, ఎర్ర గుర్తులు వరసగా చూపించి అన్నీ వైరస్‌లే అన్నారు. పన్నెండు వేలు కట్టాను. తరువాత అనుమానం వచ్చి ఆపేశాను. ఇంకా ఏమైనా ప్రమాదం ఉందా?
– గృహిణి, రాజమహేంద్రవరం

సమాధానం: అమ్మా, ఆ సైరన్ మోగినప్పుడు మీ ల్యాప్‌టాప్‌లో వైరస్ లేదు. అది తెరను మొత్తం ఆక్రమించేలా రాసిన ఒక వెబ్ పేజీ, అంతే. మైక్రోసాఫ్ట్ చూపించే ఏ నిజమైన హెచ్చరికలోనూ ఫోన్ నంబరు ఉండదు. ఇలాంటిది మళ్లీ వస్తే ఎస్కేప్ కీని కాసేపు నొక్కి పట్టుకోండి. పూర్తి తెర పోయి బ్రౌజరు అంచులు కనిపిస్తాయి, అప్పుడు మూసేయవచ్చు. లొంగకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది, అందులో బ్రౌజరు పేరు మీద ‘ఎండ్ టాస్క్’ నొక్కండి. అదీ చేతకాకపోతే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేసినా నష్టమేమీ లేదు. మళ్లీ బ్రౌజరు తెరిచినప్పుడు ‘పాత పేజీలు తిరిగి తెరవమంటారా’ అని అడిగితే వద్దనండి.

మీకు చూపించిన ఎర్ర గుర్తులు ఈవెంట్ వ్యూయర్ అనే విండోస్ చిట్టాలోవి. ఏ నెట్‌వర్కు ఒక క్షణం తెగినా, ఏ చిన్న సేవ ఆలస్యంగా మొదలైనా అందులో ఎర్ర గుర్తు పడుతుంది. నిన్న కొన్న కంప్యూటర్‌లో తెరిచినా పదుల సంఖ్యలో కనిపిస్తాయి. మోసగాళ్లకు ఈ చిట్టా ఎంతో కాలంగా అన్నం పెడుతోంది. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికాలోని వృద్ధులకు ఇదే చూపించి డాలర్లు గుంజిన కాల్‌సెంటర్లను పోలీసులు పట్టుకున్న సందర్భాలున్నాయి కాబట్టి, మీ పిల్లలు కూడా ఈ కథ వినే ఉంటారు.

ప్రమాదం మాత్రం ఉంది. అది ఎనీడెస్క్ వేసిన దగ్గర నుంచి మొదలైంది. దూరం నుంచి మరొకరి కంప్యూటర్‌ను నడిపించే ఆ సాఫ్ట్‌వేర్ సక్రమమైనదే, ఆఫీసుల్లో రోజూ వాడేదే. కానీ అవతలి మనిషి మీ ల్యాప్‌టాప్‌ను తన చేతిలోకి తీసుకున్నప్పుడు, మీరు అనుమతించకపోయినా మళ్లీ రావడానికి అందులో ఒక శాశ్వత పాస్‌వర్డ్ పెట్టుకుని ఉండవచ్చు. వైఫై ఆపి, సెట్టింగ్స్‌లోని యాప్స్ జాబితాలో ఆ తేదీన చేరినవన్నీ తీసేయండి. ఎనీడెస్క్ ఒక్కటే కాక టీమ్‌వ్యూయర్, అల్ట్రావ్యూయర్ వంటివి కూడా ఉన్నాయేమో చూడండి. ఆ మాటల సమయంలో మీరు నెట్ బ్యాంకింగ్ తెరిచి ఉంటే, ఫైళ్లు మాత్రం దాచుకుని విండోస్ మొత్తం కొత్తగా వేయించుకోవడమే నయం.

డబ్బు సంగతి దీనికంటే ముందు చూడాలి. 1930 నంబరుకు ఫోన్ చేసి, లావాదేవీ సంఖ్య దగ్గర పెట్టుకుని ఫిర్యాదు చేయండి. సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్ వెబ్‌సైటులో కూడా నమోదు చేయవచ్చు. ఆ డబ్బు దొంగల ఖాతాల్లో చేతులు మారకముందే నిలిపివేయడం ఆ వ్యవస్థ ఉద్దేశం కాబట్టి గంటలు కూడా లెక్కలోకి వస్తాయి. బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేసి రసీదు తీసుకోండి. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఖాతాదారు తన వివరాలు తానే చెప్పిన సందర్భంలో బ్యాంకుకు తెలిపే వరకు జరిగిన నష్టం ఖాతాదారుదే, తెలిపిన తరువాత జరిగేది బ్యాంకుది. మీరు ఆలస్యం చేసే ప్రతి పూటా ఆ గీత మీకు ప్రతికూలంగా జరుగుతుంది.

ప్రశ్న: సినిమా సబ్‌టైటిల్స్ కోసం ఒక సైటుకు వెళితే ‘నేను రోబోను కాను’ అన్న పెట్టె వచ్చింది. టిక్ చేశాక, ‘విండోస్ కీతో పాటు ఆర్ నొక్కండి, కంట్రోల్ వీ నొక్కండి, ఎంటర్ కొట్టండి’ అని మూడు మెట్లు చూపించింది. నేను అలాగే చేశాను. ఒక నల్ల తెర మెరిసి మాయమైంది. అప్పటి నుంచి అంతా మామూలుగానే ఉంది. కంగారు పడాలా?
– ఇంజినీరింగ్ విద్యార్థిని, విశాఖపట్నం

సమాధానం: పడాలి, వెంటనే పనిలోకి దిగాలి. 2024 నుంచి విపరీతంగా పెరిగిన ఎత్తు ఇది. భద్రతా నిపుణులు దీన్ని క్లిక్‌ఫిక్స్ అంటున్నారు. మీరు టిక్ చేసిన క్షణంలోనే ఆ పేజీ మీకు తెలియకుండా ఒక ఆదేశాన్ని క్లిప్‌బోర్డులోకి (కాపీ చేసినది పేస్ట్ చేసేదాకా ఉండే చోటు) కాపీ చేసింది. విండోస్, ఆర్ కీలతో తెరుచుకునే ‘రన్’ పెట్టె చాలా చిన్నది కాబట్టి, అందులో పేస్ట్ చేసిన పొడవాటి వాక్యంలో చివరి భాగమే కంటికి కనిపిస్తుంది. ఆ చివరి భాగంలో వాళ్లు కావాలనే ‘నేను రోబోను కాను, ధ్రువీకరణ సంఖ్య ఇంత’ అని ఇంగ్లిషులో రాసిపెడతారు. మీరు ఎడమవైపుకు జరిపి చూసి ఉంటే ‘పవర్‌షెల్’ అనో ‘ఎంఎస్‌హెచ్‌టీఏ’ అనో (రెండూ ఆదేశాలు నడిపే విండోస్ సాధనాలే) మొదలై, ఎక్కడో ఒక సైటు నుంచి ఫైలు తెచ్చి నడపమనే అసలు ఆదేశం కనిపించేది. దాన్ని మీరే స్వయంగా నడిపారు కాబట్టి బ్రౌజరు హెచ్చరికలేవీ అడ్డు రాలేదు.

అంతా మామూలుగా ఉండటమే దీని లక్షణం. ఇలా దిగేవాటిలో ఎక్కువ భాగం సమాచారం దొంగిలించే రకాలు. ఒకట్రెండు నిమిషాల్లో బ్రౌజరులోని పాస్‌వర్డ్‌లు, కుకీలు మూటగట్టి పంపేసి, కొన్నిసార్లు తమను తామే చెరిపేసుకుంటాయి. వీటిలో పేరుమోసిన లుమా అనే దాన్ని 2025 మేలో మైక్రోసాఫ్ట్, వివిధ దేశాల పోలీసులు కలిసి దెబ్బతీసినప్పుడు, అంతకుముందు రెండు నెలల్లోనే 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లకు అది సోకినట్టు మైక్రోసాఫ్ట్ ప్రకటించింది.

కుకీలు పోవడం పాస్‌వర్డ్ పోవడం కంటే ప్రమాదం. మీరు జీమెయిల్‌లోకి ఒకసారి ఓటీపీ ఇచ్చి వెళ్లాక మళ్లీ మళ్లీ అడగకుండా గుర్తుపెట్టుకునేది ఆ కుకీయే; అది చేతికి దొరికినవాడిని పాస్‌వర్డూ అడగరు, ఓటీపీ కూడా అడగరు. అందుచేత మీ ఫోను నుంచి గూగుల్, ఇన్‌స్టాగ్రామ్ తదితర ఖాతాల్లో ‘అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్’ చేయండి, ఆ తరువాతే పాస్‌వర్డ్ మార్చండి. కొత్త పాస్‌వర్డ్‌ను ఆ ల్యాప్‌టాప్‌లో టైపు చేయడం, అది శుభ్రపడ్డాకే. అందుకు విండోస్ సెక్యూరిటీలో ‘ఆఫ్‌లైన్ స్కాన్’ అనేది ఉంది. విండోస్ పూర్తిగా మొదలుకాకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కున్నవి కూడా దొరికే అవకాశం ఎక్కువ. ఎంత వెతికినా మనసు కుదుటపడకపోతే రీసెట్ చేసేయండి, కాలేజీ ప్రాజెక్టులు ముందుగా దాచుకుని.

ప్రశ్న: డబ్బు పెట్టి యాంటీవైరస్ కొనాలా, విండోస్‌తో వచ్చేది చాలా?
– చిన్న వ్యాపారి, తెనాలి

సమాధానం: ఇంటి వాడకానికి విండోస్‌తో వచ్చే డిఫెండర్ చాలు. ఇది నా అభిప్రాయం. కొన్నవాళ్లు పారేసుకోవాల్సిన పని లేదు, రెండు మాత్రం ఒకేసారి నడపవద్దు. కొత్తది కొనడం కంటే ఉన్నదాన్ని ఒకసారి తెరిచి చూడటం ముఖ్యం. విండోస్ సెక్యూరిటీలో ‘ఎక్స్‌క్లూజన్స్’ అని ఒక జాబితా ఉంటుంది. అందులో ఉన్న ఫోల్డర్ల వైపు డిఫెండర్ కన్నెత్తి చూడదు. మీరు చేర్చనిది ఏదైనా అక్కడ కనిపిస్తే, ముఖ్యంగా సీ డ్రైవు మొత్తం కనిపిస్తే, ఏదో క్రాక్ ప్రోగ్రాము తనకు దారి వేసుకున్నట్టే. పక్కనే, డిఫెండర్ సెట్టింగులను వేరే ప్రోగ్రాములు మార్చకుండా ఆపే ‘ట్యాంపర్ ప్రొటెక్షన్’ ఆన్‌లో ఉందో లేదో చూడండి. అలాగే ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఫైలు పేర్ల చివరి ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకోండి. విండోస్ వాటిని దాచిపెడుతుంది కాబట్టే ‘ఇన్‌వాయిస్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్ఈ’ అనే ప్రోగ్రాము చాలామంది వ్యాపారులకు ‘ఇన్‌వాయిస్ డాట్ పీడీఎఫ్’గానే కనిపిస్తుంది.

ప్రశ్న: మా కంప్యూటర్ 2015 నాటిది. విండోస్ 10 బాగానే నడుస్తోంది. దానికి మద్దతు ఆగిపోయిందంటున్నారు. బాగున్నదాన్ని ఎందుకు పారేయాలి?
– ఉపాధ్యాయుడు, ఖమ్మం

సమాధానం: పారేయనక్కర లేదు, కానీ అలాగే వదిలేయకూడదు. విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఆ తరువాత కనిపెట్టిన లోపాలు ఆ కంప్యూటర్‌లో తెరిచే ఉంటాయి. 2017 మే 12న ప్రపంచమంతటా పాకిన వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ఈ విషయంలో తప్పక గుర్తు చేసుకోవాల్సిన ఉదంతం. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే సవరణ ఇచ్చింది. రెండు నెలలైనా దాన్ని వేసుకోని కంప్యూటర్లూ, సవరణ అందని పాత విండోస్ ఉన్న కొన్నీ దెబ్బతిన్నాయి. మన దేశంలో దెబ్బతిన్నవాటిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా ఉన్నాయి. ఎవరూ ఏ లింకూ నొక్కకుండానే ఒక కంప్యూటర్ నుంచి మరొకదానికి అది తనంతట తానే పాకింది. ఇలా మనిషి చేయి అవసరం లేని దాడికి ప్రధానమైన మందు అప్‌డేటే.

మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది, విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు చేసుకుని 2026 అక్టోబరు 13 వరకు అదనపు భద్రతా అప్‌డేట్లు పొందడం. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగ్స్ బ్యాకప్ చేసుకుంటే దీనికి రుసుము లేదు. రెండోది విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వంటిది వేసుకోవడం. బడి పనికి, ఈమెయిల్‌కు, యూట్యూబ్‌కు అది హాయిగా సరిపోతుంది. తెలుగు టైపింగు కూడా ఉంది, అయితే మీరు అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో ప్రశ్నపత్రాలు చేసేవారైతే ఇబ్బంది పడతారు. మూడోది, అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించడం. మీ యంత్రం దాని షరతులకు తూగదు కనుక ఎప్పుడు ఏ అప్‌డేట్ మొరాయిస్తుందో చెప్పలేం, నేనైతే సిఫారసు చేయను.

ప్రశ్న: జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి వచ్చిన ప్రతిసారీ పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోతున్నాయి. ఫైళ్లు పోయినట్టేనా?
– పోటీ పరీక్షల అభ్యర్థి, అనంతపురం

సమాధానం: పోలేదు, దాక్కున్నాయి. ఆ వైరస్ అసలు ఫోల్డర్లను కనిపించకుండా చేసి, అదే పేర్లతో షార్ట్‌కట్‌లు పెడుతుంది. వాటిని మీరు నొక్కినప్పుడు ఫోల్డరూ తెరుచుకుంటుంది, వైరస్సూ నడుస్తుంది. కాబట్టి దేన్నీ నొక్కకుండా ముందు డిఫెండర్‌తో స్కాన్ చేయించి, తరువాత కమాండ్ ప్రాంప్ట్‌లో ‘అట్రిబ్’ ఆదేశంతో దాచిన గుర్తులు తొలగిస్తే మీ ఫైళ్లు బయటపడతాయి. ఆదేశం పూర్తి రూపం నెట్‌లో తేలిగ్గా దొరుకుతుంది. షాపు కంప్యూటర్ బాగుపడేది కాదు గనుక ప్రింట్ల కోసమే ఒక చౌక పెన్‌డ్రైవ్ కేటాయించి, అందులో ఆ రోజు కావలసిన పీడీఎఫ్ ఒక్కటే వేసుకెళ్లి, ఇంటికొచ్చాక ఫార్మాట్ చేయండి. ఆధార్ అయితే మొదటి 8 అంకెలు కనిపించని మాస్క్‌డ్ కాపీ తీసుకెళ్లండి. అక్కడి డౌన్‌లోడ్స్ ఫోల్డరులో ఊరందరి ఆధార్లూ పడి ఉండటం మీరూ చూసే ఉంటారు.

ప్రశ్న: వైఫై రౌటర్‌ను కేబుల్ ఆపరేటరు పెట్టి వెళ్లాడు. దాని పాస్‌వర్డ్ మార్చాలా?
– ప్రైవేటు ఉద్యోగి, వరంగల్

సమాధానం: రెండు పాస్‌వర్డ్‌లు మార్చాలి. వైఫై పాస్‌వర్డ్ అందరికీ తెలుసు. రౌటర్ సెట్టింగ్స్ తెరిచే రెండోదాన్ని మాత్రం చాలామంది ‘అడ్మిన్’ అని వచ్చినదాన్ని వచ్చినట్టే వదిలేస్తారు. 2017 జులైలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వాడేవారి మోడెమ్‌లు వేల సంఖ్యలో మాల్‌వేర్ (హానికరమైన ప్రోగ్రాము) దెబ్బకు మూలపడింది ఇలా వదిలేసిన పాస్‌వర్డ్‌ల వల్లే. రౌటర్ అడుగున అంటించిన కాగితంలో చిరునామా ఉంటుంది; బ్రౌజరులో అది కొట్టి లోపలికి వెళ్లి ఆ పాస్‌వర్డ్ మార్చండి, పాస్‌వర్డ్ లేకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపే డబ్ల్యూపీఎస్, బయటి నుంచి రౌటర్ సెట్టింగ్స్ తెరవనిచ్చే రిమోట్ మేనేజ్‌మెంట్ రెండూ ఆపేయండి, భద్రత రకం డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఉండేలా చూడండి. ఆపరేటరు ఆ పాస్‌వర్డ్ ఇవ్వనంటే, కనీసం అతని చేతనే మీ ఎదుట మార్పించుకోండి.